‘అవసరం’ అంటే తెలుగులో ఒకటి, తమిళంలో ఒకటి, ఒడియాలో ఇంకొకటి. ఏది అసలు అర్థం?

మీ ప్రశ్న ఇది: తెలుగులో అవసరం అంటే కావలసి రావడం, తమిళులేమో తొందర అనే అర్థంలో వాడతారు, ఇద్దరిలో ఎవరిది తప్పు? నా మట్టుకు ఎవరిదీ తప్పు కాదు. మాది శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం. నాలుగడుగులు వేస్తే ఒడిశా. ఈ మాటకున్న మూడో అర్థం మాకు చిన్నప్పటి నుంచీ వినబడుతూనే ఉంది.

మా పక్క ఒడియా మీడియం బడులున్నాయి. మా వీధిలో ఉండే ఒడియా మాస్టారు రిటైరైనప్పుడు బడిలో సన్మానం చేశారు. స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీ మీద తెలుగులో ‘పదవీ విరమణ’ అని, దాని పైన ఒడియాలో ‘అబసరకాళీన బిదాయ’ అని ఉంది. ‘వ’ను వాళ్లు ‘బ’గా పలుకుతారు కాబట్టి అది మన అవసరమే. కాకపోతే వాళ్లకు అబసర అంటే తీరిక, ఆ తీరిక నుంచే రిటైర్మెంట్. బెంగాలీలోనూ అంతే.

ఇవన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే. కదలడం, పారడం అనే అర్థమున్న ‘సృ’ ధాతువుకు ముందు ‘అవ’ చేరింది. సంస్కృతంలో ‘అవసర’ అంటే తగిన సమయం, సందర్భం, అవకాశం, తీరిక. హిందీవాళ్లు, మలయాళీలు అవకాశాన్ని ఉంచుకున్నారు. మలయాళంలో ‘తొళిలవసరం’ అంటే ఉద్యోగావకాశం. తమిళులకు, కన్నడిగులకు అది దాటిపోతున్న సమయం, అంటే తొందర. మా వైపు నుంచి చెన్నైకి పనులకు వెళ్లేవాళ్లు చాలామంది. మా పెద్దమ్మ కొడుకు అక్కడ బస్సు దిగబోతుంటే కండక్టర్ ‘అవసరపడాదీంగ’ అన్నాడట. తొందరపడకండి అని దాని అర్థం. మా అన్నయ్యేమో ‘ఏటి అవసరం లేదంటన్నాడు?’ అని పక్కవాణ్ని అడిగాడట. అదే బస్సులో ఎమర్జెన్సీ ద్వారం మీద ‘అవసర వళి’ అని ఉంటుంది. మనం అత్యవసరం అనే చోట వాళ్లకు ఉట్టి అవసరం సరిపోతుంది.

మరి తెలుగులో ‘కావలసి రావడం’ ఎలా అయింది? పాత కావ్యాల వచనంలో ‘అయ్యవసరంబున’ అని తరచూ కనిపిస్తుంది. ‘ఆ సమయంలో’ అని దాని అర్థం. అంటే మనకూ మొదట్లో ఇది సమయమే. ‘అవసరం పడితే ఫోన్ చెయ్యి’ అన్న మాటలో నాకు ఆ పాత అర్థం ఇప్పటికీ వినిపిస్తుంది: అలాంటి సందర్భం వస్తే అని. ఆ సందర్భంలో కావలసినదాని మీదికి అర్థం మెల్లగా జరిగిందని నా అభిప్రాయం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పూరీ జగన్నాథుడి దగ్గరి మాట. జ్యేష్ఠ పౌర్ణమి నాడు 108 కుండల నీళ్లతో దేవుళ్లకు స్నానం చేయిస్తారు. దాంతో వాళ్లకు జ్వరం వచ్చిందని ఓ పక్షం రోజులు దర్శనం ఆపేస్తారు. మళ్లీ రథయాత్ర సమయానికే కనిపించడం. ఈ రోజులను ‘అణసర’ అంటారు. ఇది ‘అనవసర’ నుంచి వచ్చింది. తెలుగువాడి చెవికి ‘అక్కరలేనిది’ అని తోస్తుంది కానీ, అక్కడ దర్శనానికి సమయం కాదని అర్థం. ఆ రోజుల్లో గుడిలో విగ్రహాల బదులు గుడ్డ మీద చిత్రకారులు వేసిన దేవుళ్ల బొమ్మలకు పూజ జరుగుతుంది. వాటి పేరు అణసర పట్టి. భక్తులు దర్శనం కోసం పూరీ దగ్గరి బ్రహ్మగిరిలోని అలర్నాథ్ గుడికి వెళతారు. మా ఊరివాళ్లు పూరీ వెళ్లేముందు ‘అణసర ఎప్పుడు?’ అని అడిగి మరీ టికెట్ తీసుకుంటారు.

మీరు చెన్నైలో ఉంటున్నానన్నారు కాబట్టి ఒక మాట. ఏదైనా కావాలని చెప్పేటప్పుడు తమిళంలో ‘తేవై’ లేదా ‘అవసియం’ అనండి. కేరళ వెళితే ‘ఆవశ్యం’ అంటే చాలు. మా పక్కకు వస్తే ‘దరకార్’ అనండి, బరంపురం బజారులో పని జరిగిపోతుంది.