ఆర్థిక సంఘం నిధుల నుంచి కరెంటు బకాయి మినహాయింపు: వార్డు సభ్యుని ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. గుంటూరు జిల్లాలోని మీ పంచాయతీకి వచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల (కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో స్థానిక సంస్థలకు వచ్చే గ్రాంటు) నుంచి పంచాయతీ తీర్మానం లేకుండానే వీధిదీపాల బకాయి మినహాయించారని, కేంద్రం సొమ్ము కనుక నేరుగా ఢిల్లీకి రాయవచ్చా అని అడిగారు.

రాయవచ్చు గానీ, అక్కడి నుంచి మొదలుపెట్టకండి. పంచాయతీ రాష్ట్ర శాసనం కింద ఏర్పడిన సంస్థ. రాజ్యాంగం 280వ అధికరణంలో 73వ రాజ్యాంగ సవరణ (పంచాయతీలకు సంబంధించినది) చేర్చిన ఉపఖండం ప్రకారం కూడా కేంద్ర ఆర్థిక సంఘం రాష్ట్ర సంచిత నిధిని (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన ఖజానాను) పెంచే మార్గాలనే సిఫారసు చేస్తుంది కాబట్టి, ఆ సొమ్ము రాష్ట్రం ద్వారానే మీకు చేరుతుంది. అయితే రాష్ట్రం ఇక్కడ దారి మాత్రమే, యజమాని కాదు: అందిన 10 పనిదినాల్లో బదిలీ చేయాలి, ఆలస్యమైతే వడ్డీతో చెల్లించాలి.

అసలు కీలకం ఏ పద్దు నుంచి తీశారన్నది. 2021–26 కాలానికి గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టుబడినది. వీధిదీపాల బిల్లుకు దాన్ని వాడటం నిబంధనలకు విరుద్ధం. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ నిర్వహణకు తప్ప రాజ్యాంగం 11వ షెడ్యూలులోని (పంచాయతీలకు అప్పగించదగిన అంశాల జాబితా) స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, కానీ ఏ అవసరం ముందన్నది పంచాయతీ తన ప్రణాళికలో తేల్చుకోవలసిన విషయం. మురుగుకాలువ పూడిక తీయించడానికి మీరు దాచుకున్న డబ్బు గ్రామసభకు తెలియకుండా పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

కార్యదర్శి దగ్గర పాస్‌బుక్కు తీసుకుని మినహాయింపు జరిగిన తేదీని ఈ-గ్రామస్వరాజ్‌లోని (పంచాయతీల లెక్కల ఆన్‌లైన్ పోర్టల్) వోచరుతో పోల్చండి. మినహాయింపు ఉత్తర్వు ప్రతి కోసం జిల్లా పంచాయతీ అధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ కాగితాలు జతచేసి, సొమ్ము తిరిగి జమ చేయాలని పంచాయతీ తీర్మానంతో కోరండి.