గ్రే జోన్ చట్టాలు చూసి 60 లక్షలు అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వద్దని, వాషింగ్టన్‌లో సెక్యూరిటీ స్టడీస్ మాస్టర్స్ చేస్తానంటోంది. శత్రుదేశాలు యుద్ధం దాకా రాకుండా చాటుగా చేసే పనులను అంచనా వేయాలని అమెరికా చట్టాలు చేస్తోందట, బోలెడు ఉద్యోగాలొస్తాయని కన్సల్టెన్సీ వాళ్లన్నారు. 60 లక్షల అప్పు కావాలి. అమెరికాలో చదివించాలా, ఇక్కడా? బంధువులంతా నవ్వుతున్నారు. మీరైనా చెప్పి మాన్పించండి.
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: చట్టాలు వస్తున్న మాట నిజమే. కరెంటు గ్రిడ్‌లోకి చొరబడటం, సముద్రం కింది కేబుళ్లు తెంచడం, ఎన్నికల ముందు అబద్ధాలు పంచడం, వీటన్నిటినీ గ్రే జోన్ అంటున్నారు. చైనా హ్యాకర్లు కొన్ని కీలక సంస్థల నెట్‌వర్కుల్లో కనీసం అయిదేళ్లుగా దాక్కుని ఉన్నారని 2024 ఫిబ్రవరిలో అమెరికా సంస్థలే చెప్పాయి. కాబట్టి మీ అమ్మాయి ఎంచుకున్న విషయం గాలివాటుది కాదు.

కానీ ఆ చట్టాలు అడిగేది నిఘా సంస్థల నివేదికలు. అవి రాసేవాళ్లకు సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ రహస్యాలు చూసే అనుమతి, కావాలి. అది మామూలుగా అమెరికా పౌరులకే ఇస్తారు, గ్రీన్‌కార్డు ఉన్నా చాలదు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లిన పిల్లకు ఆ తలుపు తెరుచుకోదు. ప్రభుత్వానికి పనిచేసే ప్రైవేటు కంపెనీల్లోనూ ఈ తరహా పోస్టులకు చాలావరకు ఇదే షరతు. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే మీరు నాకు ఉత్తరం రాసేవారే కాదు.

నాకు ఇంకో అనుమానం ఉంది. చట్టం పెట్టిన ఆఫీసు నిలుస్తుందన్న భరోసా లేదు. విదేశీ దుష్ప్రచారాన్ని అంచనా వేయడానికి 2019 డిసెంబరు చట్టంతో ఒక కేంద్రం పెట్టాలన్నారు. అది పని మొదలుపెట్టింది 2022లో. 2025 ఆగస్టులో దాన్ని ఎత్తేసి ఇతర విభాగాల్లో కలుపుతామని ప్రకటించారు. విదేశీ దుష్ప్రచారాన్ని ఎదుర్కొనేందుకు అమెరికా విదేశాంగ శాఖలో ఉన్న గ్లోబల్ ఎంగేజ్‌మెంట్ సెంటర్ కూడా గడువు పొడిగించకపోవడంతో 2024 డిసెంబరులో మూతపడింది. అక్కడి పౌరులకే స్థిరంగా లేని చోట, అప్పుతో వెళ్లిన మన పిల్లలు దేన్ని నమ్ముకోవాలి? పైగా చదువు అయ్యాక పనిచేసుకునే ఓపీటీ ఏడాదే. కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో రెండేళ్లు. ఈ పేరుతో ఉన్న కోర్సులన్నీ ఆ జాబితాలో ఉండవు.

ఇక మీతో రెండు మాటలు, కోపం తెచ్చుకోకండి. ఈ విషయం ఆమెకు ఎందుకు నచ్చిందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం లేదు. బంధువుల నవ్వు మాత్రం ఉంది. మాన్పించమని నన్ను అడిగే ముందు ఆమెను కూర్చోబెట్టి అడగాల్సింది మీరే. అడగకుండా మాన్పిస్తే ఆమె ఉద్యోగంలో చేరుతుంది, కానీ ఇకమీద మీతో మనసు విప్పి మాట్లాడదు. ఇలాంటి ఇళ్లు చాలా చూశాను.

భయపడాల్సిందైతే లేదు. సీఎస్‌ఈ చదివి, ఈ విషయం మీద ఇష్టం ఉన్న పిల్ల ఎక్కడా ఖాళీగా ఉండదు. 2021 మార్చిలో చైనా హ్యాకర్ల గురించి తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలకు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరిక పంపింది. అంటే ఆ పని మన ఇంటి ముందే ఉంది. క్యాంపస్ ఉద్యోగం వదలొద్దని చెప్పండి. చేరాక, హ్యాకర్ల ఎత్తుగడలను ముందే పసిగట్టే థ్రెట్ ఇంటెలిజెన్స్ టీమ్ వైపు జరగొచ్చు. హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో చైనీస్, రష్యన్ నేర్పుతారు. కోడింగ్‌తో పాటు చైనీస్ చదవగలిగేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ. జాతీయ భద్రత మీదే చదవాలనుకుంటే గాంధీనగర్‌లో రాష్ట్రీయ రక్షా యూనివర్సిటీ ఉంది. ఫీజులు, సిలబస్ ఎలా ఉన్నాయో ఆమే చూసుకుంటుంది.

అయినా అమెరికాకే వెళ్తానంటే, డబ్బు కట్టకముందు ఆమె చేతే ఆ యూనివర్సిటీకి ఒక మెయిల్ పెట్టించండి: ఈ కోర్సు చదివిన విదేశీ విద్యార్థులు గత రెండేళ్లలో ఏ సంస్థల్లో, ఏ వీసా మీద చేరారు? కోర్సు స్టెమ్ జాబితాలో ఉందా? జవాబు రాతపూర్వకంగా వచ్చేదాకా బ్యాంకుకు వెళ్లకండి.