ముఖం చూపి లైఫ్ సర్టిఫికెట్: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మా నాన్నగారికి 82 ఏళ్లు, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్. బ్యాంకులో వేలిముద్ర పడటం లేదు. ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ (పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా ఇచ్చే ధ్రువపత్రం) ఇవ్వొచ్చని ‘ఆధార్ ఫేస్ ఆర్‌డీ’ యాప్ వేశాను. ఫోన్‌లో అది ఎక్కడా కనిపించడం లేదు.

జవాబు: ఆ యాప్‌కు తెర మీద బొమ్మ ఉండదు, లోపల ఉండి పనిచేస్తుంది. ప్లేస్టోర్‌లో దాని పేరు దగ్గర ‘అన్‌ఇన్‌స్టాల్’ అని కనిపిస్తే చాలు, ఉన్నట్టే. మీరు తెరవాల్సింది ‘జీవన్ ప్రమాణ్’ యాప్‌ను.

అది మొదట ‘ఆపరేటర్’ ఎవరని అడుగుతుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఆపరేటర్ అంటే ఫోన్ పట్టుకుని పని నడిపేవారు, అంటే మీరు. మీ ఆధార్, ఓటీపీ, మీ ముఖం ఇవ్వాలి. ఆ తర్వాతే నాన్నగారి వంతు: ఆధార్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, పెన్షన్ మంజూరు చేసిన శాఖ, చెల్లించే బ్యాంకు, ఖాతా నంబరు. పీపీఓ కాగితం ఎదురుగా పెట్టుకుని ఒక్కో అంకె సరిచూడండి.

ఫొటోకి ఆయన్ని కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టండి. వెలుగు వెనక నుంచి వస్తే ముఖం నల్లబడి యాప్ గుర్తుపట్టదు. కళ్లద్దాలు తీయించండి. రెప్పలార్పమని తెర మీద వస్తుంది. అద్దాలు లేకుండా ఆయనకు అది కనపడదు కాబట్టి పక్కనుండి మీరే నెమ్మదిగా చెప్పాలి. ఎన్నిసార్లు చేసినా కుదరకపోతే ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర, ముఖం వాడకుండా వేసే తాళం) ఉందేమో చూడండి. అదీ కాకపోతే ఆధార్‌లోని ఫొటో పాతదై ఉంటుంది, ఆధార్ కేంద్రంలో కొత్తది తీయించాలి.

ప్రమాణ్ ఐడీ (సర్టిఫికెట్ నంబరు) మెసేజ్ రాగానే పని అయిపోయిందనుకోవద్దు. బ్యాంకు దాన్ని ఒప్పుకోవాలి. పీపీఓలో ఒక్క అంకె తేడా ఉన్నా తిరస్కరిస్తారు. అప్పుడు మొత్తం మళ్లీ చేయాల్సిందే. అందుకే గడువైన నవంబరు చివరి దాకా ఆగకండి. 80 దాటినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది.

ప్రశ్న: ఈపీఎఫ్ పెన్షన్‌కూ నవంబరే గడువా?

జవాబు: కాదు. ఎప్పుడు ఇస్తే అప్పటి నుంచి 12 నెలలు చెల్లుతుంది. కిందటిసారి తేదీ రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో స్మార్ట్‌ఫోన్ నడిపేవారెవరూ లేరు. ‘మీ లైఫ్ సర్టిఫికెట్ మేమే చేస్తాం, ఓటీపీ చెప్పండి’ అని ఒకరు ఫోన్ చేశారు. చెప్పవచ్చా?

జవాబు: చెప్పకండి, వెంటనే ఫోన్ పెట్టేయండి. ఫోన్‌లో ఓటీపీ అడిగి లైఫ్ సర్టిఫికెట్ చేసే పద్ధతి లేదు. ఇప్పటికే చెప్పేసి డబ్బు పోయి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును ఆపే వీలు అంత ఎక్కువ. సర్టిఫికెట్ సంగతికొస్తే, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారు. మీ పోస్టాఫీసులో అడగండి. ఆధార్, పీపీఓ, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర ఉంచుకోండి.