కైలాసగిరి రాయి గురించి ఒక యువ రచయితకు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

శిలాచక్రం మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. అగ్నిశిల అరిగి ఇసుక అవుతుందనీ, ఇసుక గట్టిపడి అవక్షేప శిల అవుతుందనీ, అది వేడికీ ఒత్తిడికీ లోనై రూపాంతర శిలగా మారి, చివరకు కరిగి మళ్లీ అగ్నిశిల అవుతుందనీ వరుస తప్పకుండా చెప్పావు. చిక్కంతా ఆ వరుసలోనే ఉంది. ఏ రాయి అయినా ఆ మెట్లన్నీ క్రమంగా ఎక్కాలన్న నియమం భూమికి లేదు. రూపాంతర శిల కరగకుండానే పైకి వచ్చి అరిగిపోవచ్చు. అగ్నిశిల ఏనాడూ ఇసుక కాకుండానే రూపాంతరం చెందవచ్చు. అందువల్ల చక్రాన్ని పక్కన పెట్టి, ఒక్క రాయిని పట్టుకుని దాని చరిత్ర రాయమని నా సలహా. అందుకు నువ్వు ఊరు దాటనక్కరలేదు.

కైలాసగిరి, సింహాచలం కొండలలో విస్తారంగా ఉన్న ఖొండలైట్ అనే రూపాంతర శిలను తీసుకో. తూర్పు కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. తాజాగా పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూస్తే ఎర్రని గార్నెట్ గింజలు, తెల్లని సిల్లిమనైట్ పోగులు, అక్కడక్కడ నల్లగా మెరిసే గ్రాఫైట్ రేకులు కనబడతాయి. నీ వ్యాసం ఇక్కడ మొదలు కావాలి. గార్నెట్‌లోనూ సిల్లిమనైట్‌లోనూ అల్యూమినియం దండిగా ఉంటుంది. అంత అల్యూమినియం ఒకచోట చేరిందంటే అక్కడ ఒకప్పుడు బంకమట్టి పేరుకుని ఉండాలి. మనం ఎక్కి సముద్రాన్ని చూసే ఆ కొండ ఒకనాడు నీటి అడుగున చేరిన బురద అని పాఠకుడికి నువ్వు చెప్పడం కంటే, ఆ గింజలను చూపించి అతనే ఆ మాట అనుకునేటట్టు చేయడం మేలు.

తరువాతి ఘట్టంలోనే చాలామంది తడబడతారు. సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం ఆ బురదరాయి భూమి లోపల ఎన్నో కిలోమీటర్ల లోతున, తూర్పు కనుమలలో కొన్నిచోట్ల 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఉంది. నువ్వు దాన్ని ‘కరిగి రూపాంతర శిల అయింది’ అన్నావు. కరిగితే అది అగ్నిశిల కథ అవుతుంది. కుమ్మరి ఆవంలో పచ్చికుండ కరిగిపోకుండానే మారినట్టు, ఈ రాయి ఘనరూపంలో ఉండగానే దానిలోని పరమాణువులు తావులు మార్చుకుని, ఆ లోతుకూ ఆ వేడికీ తట్టుకునే కొత్త ఖనిజాలుగా కూడుకున్నాయి. అయితే అంత వేడిలో కొంత భాగం నిజంగానే కరిగింది; ఖొండలైట్ నడుమ కనిపించే పాలిపోయిన చారలలో చాలావరకు అలా పుట్టినవే. ఒకే కొండలో, కొన్నిచోట్ల ఒకే బండలో, రెండు కథలూ కలిసి ఉన్నాయన్నమాట. పాఠ్యపుస్తకం గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది. దీనికి నాలుగు వాక్యాలు ఎక్కువ ఖర్చయినా వెనుకాడకు.

‘కోట్లాది సంవత్సరాలు’ అని నువ్వు వ్యాసంలో పదేపదే వాడావు. ఆ మాట వింటే పాఠకుడు ఆలోచించడం మానేసి ఆశ్చర్యపడతాడు, మనకు అది చాలదు. వయసు ఎలా తెలిసిందో చెప్పు. ఈ రాళ్లలో ఉండే జిర్కాన్ అనే ఖనిజపు సన్నని గింజల్లో యురేనియం ఉంటుంది. అది నిలకడైన వేగంతో సీసంగా మారుతుంది. యురేనియం 238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి, గింజలో మిగిలిన యురేనియంతో పోల్చి ఎంత సీసం చేరిందో కొలిస్తే కాలం లెక్క తేలుతుంది. అంకె వెనుక ఉన్న పని కనబడితేనే అంకె మీద నమ్మకం కుదురుతుంది.

రాయి పైకి వచ్చాక జరిగేది కంటికి అందుతుంది. 13వ శతాబ్దపు కోణార్క ఆలయానికి వాడింది ప్రధానంగా ఖొండలైటే. అక్కడి శిల్పాల ముఖాలు కొన్ని పోల్చుకోలేనంతగా అరిగిపోయాయి. మన్యం కొండల నెత్తిన వానలు అదే రాయిలోని సిలికాను యుగాల తరబడి కడిగేయగా మిగిలింది బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ముడిఖనిజం. బురద నాటి అల్యూమినియం మళ్లీ బయటపడిన చోటు అదే. ఇక గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్ గింజలు వాగుల వెంట దిగి భీమిలి తీరపు ఇసుకలో చేరాయి.

బొర్రా గుహల ప్రస్తావన నీ వ్యాసంలో అతికించినట్టుంది, తీసేయి. పాత సున్నపురాయి రూపాంతరం చెందడం, నీరు దాన్ని కరిగించడం, ఆ కరిగినదే చుక్క చుక్కగా కారి గుహ కప్పు నుంచి కొత్త రాయిగా వేలాడటం వేరే వ్యాసానికి సరిపడే విషయం. అక్కడి గోస్తని నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది కనుక ఆ వ్యాసానికి దారి నది చూపిస్తుంది.

చివర భీమిలి దగ్గరి తీరంలోని ఎర్రమట్టి దిబ్బలు ఇసుకరాయిగా ‘మారతాయి’ అని ముగించావు. ఆ ఇసుక రేణువులకు ఇనుప ఆక్సైడు పూత పట్టి ఎరుపెక్కింది కానీ దిబ్బ ఇంకా రాయి కాలేదు. వాన పడితే కోసుకుపోతుంది. రాయి కావాలంటే అది లోతుగా పూడుకుపోవాలి, రేణువుల మధ్య సిలికా లాంటి బంధక ఖనిజం చేరాలి. అంతకుముందే వానలూ అలలూ దాన్ని సముద్రంలోకి చేరవేయవచ్చు. కాబట్టి ‘మారతాయి’ తీసేసి ‘మారవచ్చు’ అని రాసి, ఆ షరతులు కూడా అక్కడే చేర్చి, మార్చిన ప్రతి నాకు పంపు.