ట్వేర్‌లో చూడటానికి ఏముంది అంటే: ముందు నికితిన్ దగ్గరికి వెళ్లండి

మీ అబ్బాయి రష్యాలోని ట్వేర్‌లో మెడిసిన్ చదువుతున్నాడనీ, జూన్‌లో మీరిద్దరూ వెళ్తున్నారనీ, ఆ ఊళ్లో చూడ్డానికి ఏమైనా ఉందా లేక మాస్కోలోనే ఉండిపోవాలా అనీ అడిగారు. నేనూ అక్కడే చదివానండీ. తప్పకుండా వెళ్లండి. మాస్కో లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్‌లో లాస్తోచ్కా రైలెక్కితే రెండు గంటల్లోపే దిగొచ్చు. ఊరు చూపించమని మాత్రం మీవాణ్ణి అడక్కండి. మన పిల్లలకి హాస్టల్, కాలేజీ, ఇండియన్ మెస్ తప్ప ఇంకేం తెలీదు. వోల్గా ఒడ్డున ఆరేళ్లుండి, పాత వంతెన దాటకుండానే డిగ్రీ పట్టుకొచ్చినవాళ్లు నాకు తెలుసు.

ఆ వంతెన దాటితేనే కదా అఫనాసీ నికితిన్ కనిపించేది! 1955లో పెట్టిన విగ్రహం. పీఠం పడవ ముందుభాగంలా ఉంటుంది, దాని కొసన గుర్రం తల. ఆయన ఈ ఊరి వర్తకుడు. 15వ శతాబ్దంలో వోల్గా మీద పడవలో బయల్దేరి, దారిలో దోపిడీకి గురై, పర్షియా మీదుగా దక్కన్ చేరాడు. అదీ వాస్కో డ గామా కంటే పాతికేళ్ల ముందు. మన స్కూలు పుస్తకాలు గామా తేదీ బట్టీ పట్టించాయి గానీ ఈయన పేరు నేను రష్యా వెళ్లాకే విన్నాను. అమ్ముకుందామని తెచ్చుకున్న గుర్రాన్ని జున్నర్‌లో (ఇప్పటి మహారాష్ట్ర) అక్కడి పాలకుడు ఖాన్ లాక్కుని, మతం మారితే ఇస్తానన్నాడట. ఒక ఖొరాసానీ పెద్దమనిషి కల్పించుకుని ఇప్పించాడు. శిల్పులు ఏ ఉద్దేశంతో చెక్కారో గానీ, నా లెక్కలో ఆ తల ఆ గుర్రానిదే.

మా నాన్న వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. మాది నల్లమల అంచున ఆత్మకూరు. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచే మనిషి ఆయన. అప్పటిదాకా ఏది చూపించినా "ఊఁ, బాగుంది" అంటూ నా వెనకే వచ్చాడు. ఈయన శివరాత్రికి శ్రీశైలం వచ్చాడు నాన్నా అనగానే నిలబడిపోయాడు.

"ఎవురు, ఈ గడ్డమాయనా?"

నికితిన్ బీదర్‌లో ఉండగా, స్నేహమైన హిందువులతో కలిసి 'పర్వత్' అనే చోటికి వెళ్లానని రాసుకున్నాడు. అది శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. ఫోన్‌లో చదువుతూ నాన్నకి అర్థం చెప్పాను. గుడి సగం ట్వేర్ అంత ఉందట. రాతి గోడలంతా చెక్కిన బొమ్మలట. నల్లరాతి నంది, దానికి బంగారు పూత, జనం దాని గిట్టల్ని ముద్దాడి పూలు చల్లేవారట.

నాన్న నది అవతలి ఒడ్డుకేసి చూసి, "అంటే అప్పుడీ ఊరు మన గుడికి రెండింతలేనా!" అన్నాడు. ఆయన మొహంలో ఆ గర్వం చూడాలి మీరు.

మనిషికింత, గుర్రానికింత అని సుంకం వసూలు చేశారని కూడా ఉంది. "అప్పుడే టిక్కెట్టు పెట్టినారా!" అని మొదలుపెట్టి, దర్శనం క్యూల దాకా వెళ్లిపోయాడు. తర్వాత అసలు తగువు: ఏ తోవన వచ్చాడు? బీదర్ నుంచి కదా, అమ్రాబాద్ వైపు నుంచి దిగి ఉంటాడన్నాను. ఒప్పుకోలేదు. "కన్నడమోళ్లు ఉగాదికి యా తోవన వస్తార్రా? మన తోవనే గదా!" రాత్రి పదయినా ఇంకా వెలుతురే, వాదన తెగలేదు. ఇప్పుడు నేనూ నాన్న పక్షమే. ఆధారం అడక్కండి.

పాపం నికితిన్ మళ్లీ ట్వేర్ చూడలేదు. తిరుగు దారిలో స్మోలెన్స్క్ దగ్గరే పోయాడు. శ్రీశైలంలో ఆయన పేరున ఒక బోర్డైనా నా కంటికి కనపడలేదు. అడిగేవాడు లేడు.

మిగతావి ఒక పూటలో అయిపోతాయి. 1763లో ఊరు తగలబడితే కేథరీన్ రాణి కొత్తగా కట్టించింది. పీటర్స్‌బర్గ్, మాస్కోల మధ్య ప్రయాణంలో ఆగడానికి కట్టిన ప్యాలెస్ ఇప్పుడు చిత్రకళా గ్యాలరీ. దాని పక్కనే పార్కు, నది గట్టు. 1564 నాటి 'తెల్ల త్రిత్వం' చర్చి చిన్నదే గానీ వదలొద్దు. మేకపోతుల మ్యూజియం కూడా ఉంది, మీ ఓపిక. నాకు కడుపుమండేది వోల్గా పడవల రేవు స్టేషన్ విషయంలో. 1938లో కట్టిన అంత అందమైన భవనం, పట్టించుకోక 2017లో కూలింది. మరుసటేడు ట్రాములూ ఆపేశారు. పాత వస్తువు విలువ తెలియకపోవడంలో వాళ్లూ మనమూ ఒకటే.

డబ్బు సంగతి: మన వీసా, మాస్టర్‌కార్డులు 2022 నుంచీ అక్కడ పనిచెయ్యవు. డాలర్లు పట్టుకెళ్లి బ్యాంకులో మార్చుకోండి. మీవాడు పరీక్షలని తప్పించుకోబోతాడు, వదలకండి, వంతెన దాటించండి.