హైవే మీద ఆగి ఉన్న లారీ ముందు ఆటో బ్రేక్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: కొత్త కారులో ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఉంది, హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద రాత్రిళ్లు తిరుగుతారు, దారిలో ఆగిన లారీ ఎదురైతే కారు తనంతట తానే ఆగుతుందా అని. ఊళ్లో నడిపే స్పీడుల్లో చాలాసార్లు ఆగుతుందండీ. 100లో వెళ్తుంటే ఆగుతుందని మాత్రం అనుకోకండి. అప్పుడు గుద్దే వేగం తగ్గుతుంది, అదీ లారీని కారు గుర్తుపడితేనే.

ముందు లెక్క చూడండి. ఎండిన తారు రోడ్డు మీద, మంచి టైర్లతో, గట్టిగా బ్రేక్ పడితే ప్రతి సెకనుకూ వేగం గంటకు 29 కి.మీ. చొప్పున దిగుతుంది. అంటే 60 నుంచి ఆగడానికి 17 మీటర్లు చాలు, 100 నుంచి అయితే 48 మీటర్లు కావాలి. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. గుద్దడానికి 1.2 సెకన్ల ముందు కారు బ్రేక్ వేసిందనుకుందాం. 60లో ఉంటే చేతిలో 20 మీటర్లు ఉంటాయి కాబట్టి ఆగిపోతుంది. 80లో ఉంటే సుమారు 29 కి.మీ. వేగంతో గుద్దుతుంది. 100లో ఉంటే 55తో గుద్దుతుంది. అదే వానలో, వేగం సెకనుకు 18 చొప్పునే దిగే రోడ్డు మీద, 60లో ఉన్నా 32తో గుద్దుతుంది. 1.2 సెకన్లు లెక్క కోసం తీసుకున్నది, కారును బట్టి మారుతుంది. బ్రేక్ ప్రెషర్ పూర్తిగా ఎక్కడానికి పట్టే క్షణాన్ని ఇందులో కలపలేదు, కలిపితే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

మరి ఇంకాస్త ముందే వేయొచ్చు కదా అంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. 100లో బ్రేకుతోనే ఆగాలంటే కనీసం 1.7 సెకన్ల ముందు మొదలుపెట్టాలి. కానీ స్టీరింగ్ తిప్పి తప్పించుకోవడానికి ఆ తర్వాత కూడా వీలుంటుంది. లేన్ మారి ఓవర్‌టేక్ చేసే డ్రైవర్లు చాలామంది ముందున్న బండికి అంత దగ్గరగా వెళ్లి తిప్పుతారు. అలాంటప్పుడల్లా కారు బ్రేక్ వేస్తే వెనక వచ్చేవాళ్లు మనల్ని గుద్దుతారు. అందుకే డ్రైవరు తిప్పడని దాదాపు తేలిపోయేదాకా సిస్టమ్ బ్రేక్ వేయకుండా వేచి ఉంటుంది. తక్కువ స్పీడులో ఆ ఎదురుచూపు వల్ల నష్టం ఉండదు, హైవే స్పీడులో ఉంటుంది.

అమెరికాలో వాహనదారుల సంఘమైన ఏఏఏ 2022లో ప్రకటించిన పరీక్షల్లో ఇదే కనిపించింది. ఆగి ఉన్న కారు బొమ్మ మీదికి గంటకు 48 కి.మీ. వేగంతో వెళ్తే కార్లు 20లో 17 సార్లు గుద్దకుండా ఆగాయి. 64తో వెళ్తే 20లో 6 సార్లే. పక్క నుంచి అడ్డంగా వచ్చే బండి, మలుపు తిరిగేటప్పుడు ఎదురొచ్చే బండి విషయంలో ఒక్కసారీ ఆగలేదు. మన హైవేల మీద డివైడర్ గ్యాపుల్లోంచి అడ్డంగా దూసుకొచ్చే బైకులు, ట్రాక్టర్లు సరిగ్గా ఇలాంటివే.

ఇక గుర్తుపట్టడం సంగతి. మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాంటి కార్లలో రాడార్, కెమెరా రెండూ ఉంటాయి. హోండా ఎలివేట్ లాంటి వాటిలో ముందు అద్దం వెనక కెమెరా ఒక్కటే. రాడార్ దూరాన్ని, దగ్గరయ్యే వేగాన్ని కచ్చితంగా కొలుస్తుంది. కానీ ఆగి ఉన్న లారీ, సైన్ బోర్డు, ఫ్లైఓవర్ గడ్డర్, మ్యాన్‌హోల్ మూత అన్నీ దానికి ఒకే వేగంతో దగ్గరవుతున్నట్టు కనిపిస్తాయి. మామూలు రాడార్లకు ఎత్తు తేడా సరిగా తెలియదు. అన్నిటికీ బ్రేక్ వేస్తూ పోతే కారు నడవదు కాబట్టి, మొదటి నుంచీ కదలని వస్తువును చాలా సిస్టమ్‌లు అంతగా పట్టించుకోవు, కెమెరా కూడా ‘అది బండే’ అని చెప్పాలి. కెమెరాకు బండి వెనక భాగపు ఆకారం, లైట్లు, చక్రాలు కనిపించాలి. లైటు లేని, రిఫ్లెక్టర్ లేని వరిగడ్డి ట్రాలీలో ఇవేవీ సరిగా కనిపించవు. లారీ వెనక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు ఇంకా ప్రమాదం. కారు లారీ బాడీ దాకా దూరం కొలుచుకుంటుంది, చువ్వల కొన దాకా కాదు. ముందు బస్సు చివరి క్షణంలో పక్కకు తప్పుకుని దాని ముందు ఆగిన లారీ బయటపడితే, సిస్టమ్‌కు చూసి తేల్చుకునే సమయమే దొరకదు. నడిచివెళ్లే మనుషుల విషయంలోనూ అంతే: వీధిదీపాల్లేని చీకట్లో ఈ బ్రేకుల వల్ల ప్రమాదాలు తగ్గినట్టు కనబడలేదని అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2022లో తేల్చింది. గేదెలు, కుక్కల సంగతి మీ మాన్యువల్‌లోనే చూడండి, చాలావాటిలో జంతువులను గుర్తించకపోవచ్చని రాసి ఉంటుంది.

పొద్దున విజయవాడ వైపు, సాయంత్రం హైదరాబాద్ వైపు వెళ్లేటప్పుడు ఎదురెండకు కెమెరా కూడా మన కళ్లలాగే ఇబ్బంది పడుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో కెమెరా వేడెక్కి కాసేపు పనిచేయకపోవచ్చు, డ్యాష్‌లో మెసేజ్ వస్తుంది. ఏసీ గాలిని ముందు అద్దం మీదికి పెట్టి చల్లబడనివ్వండి.

మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి, వీటిని నిర్లక్ష్యం చేయొద్దని గట్టిగా చెబుతున్నాను. ముందు అద్దం మారిస్తే కెమెరా క్యాలిబ్రేషన్ (చూపును మళ్లీ సరిచేయడం) తప్పనిసరిగా చేయించి, రిపోర్టు అడిగి తీసుకోండి. కెమెరా చూపు ఒక్క డిగ్రీ పక్కకు పోతే 50 మీటర్ల దూరంలో తేడా 87 సెంటీమీటర్లు. పక్క లేన్‌లోని బండిని మీ ముందున్నదిగా, మీ ముందున్నదాన్ని పక్కదిగా లెక్కేయడానికి అది చాలు. బంపర్ ఊడదీసినా, రాడార్ ముందు భాగానికి పుట్టీ పెట్టి రంగు వేసినా అదే మాట. రాడార్ ముందు బుల్ గార్డు, స్టిక్కరు, అలంకారం నంబర్ ప్లేటు వద్దు. డ్యాష్‌కామ్‌ను కెమెరా చూపుకు అడ్డం రాకుండా అంటించండి. టైరు మీది అరుగుదల గుర్తు 1.6 మి.మీ. దగ్గర ఉంటుంది, వానాకాలానికి అందాకా ఆగకుండా ముందే మార్చండి. బ్రేక్ వేసేది కంప్యూటరైనా ఆపేది టైరే.

సెట్టింగుల్లో వార్నింగ్ టైమింగ్ ఉంటే ‘ముందుగా’ అని పెట్టుకోండి. చాలా కార్లలో అది హెచ్చరికను మాత్రమే ముందుకు జరుపుతుంది, బ్రేకును కాదు. అయినా హెచ్చరిక ఒక్క సెకను ముందు వచ్చినా, 100లో అది 28 మీటర్లు. అట్టపెట్టెలు అడ్డం పెట్టి, మనుషుల్ని నిలబెట్టి దయచేసి పరీక్షించకండి. పెట్టెను అది బండిగా గుర్తించకపోవచ్చు, మనిషిని నిలబెడితే ప్రాణం పోవచ్చు.

బీప్ రాగానే మీరే పూర్తి బలంతో బ్రేక్ తొక్కండి. కంగారులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినా, స్టీరింగ్ విసురుగా తిప్పినా చాలా కార్లలో ఆటో బ్రేక్ వదిలేస్తుంది. కారు ఆగాక కూడా కాలు తీయకండి: కొన్ని కార్లు సుమారు 2 సెకన్లు పట్టి ఉంచి బ్రేక్ వదిలేస్తాయి, ఆటోమేటిక్ గేర్ కారైతే డ్రైవ్‌లోనే ఉంటుంది కాబట్టి మెల్లగా ముందుకు కదులుతుంది.