నిరుడు పనిచేసిన మాత్ర ఈసారి ఎందుకు పనిచేయలేదు?

పర్లాకిమిడిలో మీ అమ్మగారికి నిరుడు మూత్రంలో మంట తగ్గించిన సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఈసారి ఎందుకు పనిచేయలేదని అడిగారు. మూత్రనాళంలో వచ్చే ఈ ఇన్‌ఫెక్షన్‌కు ఎక్కువగా కారణమయ్యే ఈ-కోలై బాక్టీరియాలో సీటీఎక్స్-ఎం-15 వంటి జన్యువు ఉంటే, దాని వల్ల తయారయ్యే ఎంజైము మందు పనిచేయడానికి కీలకమైన బీటా-లాక్టమ్ అనే వలయాకార భాగాన్ని తెంచివేస్తుంది. వలయం తెగిన మందు బాక్టీరియా తన గోడ కట్టుకోవడాన్ని అడ్డుకోలేదు. ఈ జన్యువు తరచుగా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టపై ఉంటుంది కనుక, ఒక బాక్టీరియా నుంచి పక్కదానికి, ఒక్కోసారి వేరే జాతికి సైతం, చేరిపోతుంది. సీటీఎక్స్-ఎం-15ను తొలిసారి గుర్తించి 2001లో ప్రకటించింది మన దేశపు నమూనాల్లోనే.

దయచేసి దుకాణంలో అడిగి మరో యాంటీబయాటిక్ వేయకండి. మందు మొదలుపెట్టకముందే మూత్రాన్ని కల్చర్ పరీక్షకు (అందులోని బాక్టీరియాను పెంచి, దానిపై ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షకు) ఇవ్వండి. రెండు మూడు రోజుల్లో వచ్చే నివేదికలో ‘ఆర్’ అక్షరం ఎదురుగా ఉన్న మందులు ఆ బాక్టీరియాపై పనిచేయవు. పాతపట్నం వైపు వైద్యుడి దగ్గరికి వెళ్లినా ఆ కాగితం వెంట ఉంచుకోండి. చలిజ్వరం, నడుము పక్క నొప్పి ఉంటే మాత్రం నివేదిక కోసం ఆగకుండా ఆ రోజే చూపించండి.